మూల మడికి నీళ్లు

మార్చి 27

గడుగ్గాయికి,

అమ్మమ్మ దీవెనలు. నా తుంటి ఎముక అతుక్కుంటోందని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. నన్నడిగి ఉంటే ఎక్స్‌రే ఖర్చు తప్పేది.

ఫోను ఎందుకు చెయ్యదీ ముసలమ్మ అనుకుంటున్నావేమో. ఫోనులో నువ్వు "ఊ" అంటావు. ఆ "ఊ" అవునో, కాదో, అసలు విననే లేదో తేల్చుకోవడానికి నాకు సగం పూట పడుతుంది. కాగితం మీద పెట్టిన మాటకి రెండర్థాలుండవు. ఒక తరం పిల్లల చేత తెలుగు వ్యాసాలు దిద్ది దిద్ది రాయించినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. కాబట్టి వారం వారం ఉత్తరం రాయి.

ఇక అసలు సంగతి. మీ మావయ్య నన్ను ఇక్కడే ఉండిపొమ్మంటున్నాడు. నాలుగో అంతస్తు. కిటికీ తీస్తే ఎదుటి భవనం వాళ్ల కిటికీ. వాళ్లు తెర వేసుకుంటారు, మేమూ వేసుకుంటాం. నేను మళ్లీ ఆ తోటలో నీళ్ల క్యాను పట్టుకుని జారిపడతానని వాడి భయం. నువ్విప్పుడు ఉంటున్న నా ఇల్లు అద్దెకిచ్చేసి, అద్దెకొచ్చేవాళ్లు కారు పెట్టుకునేందుకు ముంగిలంతా సిమెంటు చప్టా చేయిస్తానంటాడు. వాడిది దురుద్దేశం కాదు. అందుకే వాడితో దెబ్బలాడటం కష్టంగా ఉంది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. "మే నెల మొదటికి తోట నిండుగా పూస్తే నేను నా ఇంటికి వెళ్తాను. పూయకపోతే ఇక్కడే ఉంటాను. నువ్వు మేస్త్రీని పిలుచుకో" అన్నాను. వాడు చెయ్యి చాపాడు, నేను చేతిలో చెయ్యి వేశాను. అంటే మిగిలిన నా బతుకు ఏ గుమ్మంలో గడుస్తుందో ఇప్పుడు నీ చేతుల్లో ఉంది. భయపెట్టాలని కాదు, తెలిసి ఉండాలని రాస్తున్నాను.

మల్లెలకి ఆకు దుయ్యి. గులాబీలకి ఎండు కొమ్మ కనిపిస్తే పచ్చ దాకా కొయ్యి. మూల మడి సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకో. అందులో లిల్లీ దుంపలున్నాయి. పైకి ఏమీ కనిపించదు, ఖాళీ నేల కదా అని చెప్పులేసుకుని తొక్కకు. చుట్టూ జినియా విత్తనం చల్లాను. ముఖ్యంగా ఆ రబ్బరు గొట్టం జోలికి పోకు. గొట్టంతో కొడితే మట్టి లేచిపోయి దుంపలు బయటపడతాయి. క్యానుతోనే పొయ్యి. మోకాళ్లు నొప్పెడితే నొప్పెట్టనీ, నీవి కొత్తవే కదా.

అక్షరదోషాలు లేకుండా రాయి.

అమ్మమ్మ

*

ఏప్రిల్ 4

ముద్దుల, ముక్కోపపు అమ్మమ్మకి,

నీ మనవరాలు వంగి వంగి నమస్కారాలు. నిజంగానే వంగే ఉన్నాను, క్యాను మోసీ మోసీ నడుం నిటారుగా రావడం లేదు.

ల్యాబులో ఈ వారం కట్టుడు పళ్లే కట్టుడు పళ్లు. పై సెట్లు, కింది సెట్లు, ఒంటి పళ్లు. ఇంటికొచ్చాక గులాబీ మొగ్గలు చూసినా ముందు వాటి వరస సరిగ్గా ఉందా అని చూస్తున్నాను. నీ సెట్టు బాగా కూర్చుంటోందా? మాట్లాడుతుంటే టకటకమంటే చెప్పు, అరగదీసి పంపిస్తాను. టకటకమనేది సెట్టు కాదు, మీ అమ్మమ్మే అంటుంది అత్తయ్య.

తోట సంగతికొస్తే, మల్లెలకి ఆకు దూసేశాను. పందిరి గుండు కొట్టించుకున్నట్టుంది. గులాబీ మొగ్గల మీద పేనుబంక పట్టింది. మైనం దిద్దే సన్న బ్రష్షు ల్యాబు నుంచి తెచ్చి, సబ్బునీళ్లలో ముంచి ఒక్కో మొగ్గనీ తుడిచాను. మా పెద్దసారు చూస్తే బ్రష్షుతో పాటు నన్నూ బయట పారేస్తాడు.

మూల మడి మాత్రం ఇటుకలా బిగుసుకుపోయింది. వేలు పెడితే దిగదు. ఎన్ని క్యాన్లు మోసినా పైపైనే తడిసి ఆరిపోతోంది. నేను మాత్రం ఏం చెయ్యను? మొన్న మూల మడికి నీళ్లొదిలేశాను. ఇక దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోకు.

పక్కింటి కుట్టుమిషను పిన్నిగారు నిన్ను అడిగానని రాయమన్నారు. నువ్వు లేక ఆవిడకి తప్పులు పట్టేవాళ్లు కరువయ్యారట.

నీ గడుగ్గాయ్

*

ఏప్రిల్ 10

గడుగ్గాయికి,

ఉత్తరం చేరింది. ఒకసారి చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

మూల మడికి నీళ్లొదిలేశానని ఒక్క ముక్కలో రాసేశావు. సరే. నిన్ను తిట్టను. తిడతానని దాచిపెట్టకుండా ఉన్నదున్నట్టు రాశావు, అది నాకు నచ్చింది. కానీ ఆ మడి ఏమిటో నీకు తెలియాలి. నేను బడి నుంచి రిటైరైన రోజున పెద్ద పెద్ద మాటలు చెప్పి, దండ వేసి, గడియారం ఇచ్చారు. చేతులు కట్టుకుని ఇంట్లో కూర్చోలేక మర్నాడే ఆ మూల తవ్వడం మొదలుపెట్టాను. రాళ్లు, గాజు పెంకులు, పాత చెప్పు అట్టలు తీసి తీసి ఆ మట్టిని మట్టిగా చేశాను. నాకు రెండో ఉద్యోగం ఇచ్చింది ఆ మూలే.

పోనీలే. నీ చేతనైనంత చేశావు. మిగతా మడులనైనా జాగ్రత్తగా చూసుకో.

నా పళ్ల గురించి నువ్వు రాసిన వాక్యం అత్తయ్యకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు. "నమస్కారాలు" కి ముందు "వంగి వంగి" రాస్తే వంగినట్టు కాదు.

అమ్మమ్మ

*

ఏప్రిల్ 16

బంగారు అమ్మమ్మకి,

నువ్వు తిట్టనన్నావు! ఆ వాక్యం పిన్నిగారికి చూపిస్తే ఆవిడ కుట్టు ఆపి, "ఇది మీ అమ్మమ్మ చేతిరాతేనా?" అని అడిగారు. నేనైతే నువ్వు చచ్చినా ఒప్పుకోవనుకున్నాను. అందుకే ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నాను.

నువ్విచ్చిన ధైర్యంతో మిగతా మడులన్నిటికీ కూడా నీళ్లొదిలేశాను. గులాబీలకి, మల్లెపందిరికి, గోడవార మొక్కలకి, అన్నిటికీ. ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను! ఇన్నాళ్లూ అనవసరంగా నడుం విరగ్గొట్టుకున్నాను. ఈ పని మొదట్లోనే చెయ్యాల్సింది.

పూల సంగతి ఇక ఒక్క అక్షరం రాయను. నువ్వే వచ్చి కళ్లారా చూడాలి. ముంగిలి చూసి మావయ్యకి నోట మాట రాదని మాత్రం చెప్పు.

ల్యాబుకి టైమవుతోంది. ఈ రోజు ఎవరో పెద్దాయనకి పూర్తి సెట్టు. ఆయన నవ్వు ఎలా ఉండాలో ఆయన భార్య వచ్చి చెప్పి వెళ్లింది.

నీ గడుగ్గాయ్

*

ఏప్రిల్ 23

చిరంజీవికి,

ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన పూట నేను భోజనం చెయ్యలేదు. మీ అత్తయ్య కంగారుపడి రెండుసార్లు జ్వరం చూసింది. జ్వరం లేదు.

అన్ని మడులకూ నీళ్లొదిలేశావు. వదిలేసి హాయిగా ఉందన్నావు. పిల్లవి, పగలంతా పని చేసి వచ్చేదానివి, ఆ బరువు నీ మీద పెట్టడం నాదే పొరపాటు. నీ మీద నాకు కోపం లేదు. ఇది కోపంతో రాస్తున్నదీ కాదు. ఒక్కటి మాత్రం నొచ్చుకున్నాను. హాయిగా ఉందని రాయకుండా ఉండవలసింది.

మాట ఇచ్చాను కాబట్టి మీ మావయ్యని పిలిచి చెప్పాను: "తోట పోయింది. మేస్త్రీకి కబురుపెట్టు." వాడు గెలిచినవాడిలా కనిపించలేదు. కాసేపు నా మంచం దగ్గరే నిలబడి, "పోనీ ఇంకొన్నాళ్లు చూద్దామా అమ్మా?" అన్నాడు. "మాటంటే మాటే" అన్నాను.

ఇటుకలు, ఇసుక, సిమెంటు ఈ నెలాఖరుకి దింపుతారు. మేస్త్రీ వస్తే అడ్డు చెప్పకు. ఆయన పని ఆయన్ని చేసుకోనీ. నీకు ల్యాబు దగ్గరలో మంచి గది చూస్తానని మీ మావయ్య అన్నాడు.

నేనిక్కడ ఉండటం నేర్చుకుంటున్నాను. లిఫ్టులో ఏ బొత్తాం నొక్కాలో తెలిసింది. కింద వాకిలిలో రెండు సిమెంటు బెంచీలున్నాయి, సాయంత్రం కూర్చోవచ్చు. బాల్కనీలో ఏసీ పెట్టె పోగా ఒక కుండీకి చోటుంది. వద్దన్నాను. ఒక్క కుండీని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు.

అమ్మమ్మ

*

మే 1

అమ్మమ్మా!

నమస్కారాలూ అవీ చివర్లో. ముందు ఇది చదువు. తోట పోలేదు. తోటకి ఏమీ కాలేదు. తోట నా మాట కూడా వినడం లేదు, అంతలా పూస్తోంది!

నీ ఉత్తరం మొన్న సాయంత్రం వచ్చింది. చదివి ఉత్తరం పట్టుకుని మెట్ల మీదికి పరిగెత్తాను. పూలన్నీ ఎదురుగా ఉన్నాయి, నీ చేతిరాత మాత్రం తోట పోయిందంటోంది. ఇద్దరిలో ఎవరికి మతి పోయిందో తెలియలేదు. నిన్న పొద్దున్నే ఇటుకల లారీ గేటు బయట సరుకు దింపి వెళ్లింది. వెనకాలే మేస్త్రీ వచ్చాడు. నేను చీపురు పట్టుకుని గేటు లోపల నిలబడ్డాను. ఆయన తలుపు తోసి, లోపలికి చూసి, ఆగిపోయి, బయటికి వెళ్లి గోడ మీద ఇంటి నంబరు చదువుకుని మళ్లీ వచ్చాడు.

"ఏమ్మా, ఎండిపోయిన తోట ఉన్న ఇల్లెక్కడ?"

"ఇదే."

"పొద్దున్నే నాతో వేళాకోళమా?"

"నేనూ మీలాగే ఉన్నానండీ. మా అమ్మమ్మ ఇది ఎండిపోయిందని రాసింది."

ఆయన నన్నోసారి, చీపురునోసారి చూసి మావయ్యకి ఫోను చేశాడు. "సార్, మీరు చెప్పిన ఎండిన తోట దొరకడం లేదు. ఇక్కడ వేరే తోట ఒకటుంది. గడ్డపార దించుదామంటే జానెడు చోటు కనపడటం లేదు. ఏం చెయ్యమంటారు?"

ఈ గోలకి పిన్నిగారు గోడ మీంచి తొంగిచూశారు, మెడలో టేపు వేలాడుతూనే ఉంది. "మీ అమ్మమ్మకి అసలు నువ్వేం రాశావే?" అన్నారు. రాసింది రాసినట్టు చెప్పాను. "మూల మడికి నీళ్లొదిలేశాను అని..." ఇంకా నా నోట్లోనే ఉంది, ఆవిడ గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. మేస్త్రీ నవ్వాడు. ఇసుక ఎత్తడానికొచ్చినామె తట్ట కింద పెట్టి మరీ నవ్వింది. నాకు అప్పుడు వెలిగింది.

అమ్మమ్మా, నేను వదిలింది నీళ్లు! నిజం నీళ్లు! ఆశలు కాదు! పిన్నిగారి రబ్బరు గొట్టం గోడ మీంచి లాగి, కుళాయి తిప్పి, మడికి నీళ్లొదిలాను. గొట్టం అన్న మాట రాస్తే నువ్వు లేచి వచ్చి కొడతావని గొట్టం మింగేసి మిగతాది రాశాను. నువ్వు తిట్టనంటే గొట్టం సంగతి కనిపెట్టేసి క్షమించావనుకున్నాను. దుంపలు బయటపడలేదు, ఒట్టు. పళ్ల సెట్టుకి చిగుళ్లు పోతపోసే గులాబీరంగు పదార్థం ల్యాబులో మిగిలితే, దాంతో గొట్టం మూతికి చిల్లుల మూత చేశాను. అచ్చం నీ క్యాను జల్లులా మెత్తగా పడుతుంది. చూడటానికి మాత్రం పళ్లూడిన నోరు నీళ్లు పుక్కిలిస్తున్నట్టుంటుంది.

ఇక రాయనన్న పూల సంగతి రాసేస్తున్నాను, ఆపడం నా వల్ల కాదు. లిల్లీలు నేల చీల్చుకుని వచ్చాయి. ఆకు కూడా లేకుండా బుర్ర ముందుకొచ్చింది, ఒక్కో కాడకి నాలుగేసి ఎర్రని బాకాలు. వాటి చుట్టూ జినియాలు నారింజ, గులాబి, పసుపు, ఇంకా పేరు తెలియని ఒక రంగు. రోజూ పొద్దున్నే వాటి ముందు నిలబడి ఆ రంగుకి పేరు పెట్టాలని చూస్తూ బస్సు పోగొట్టుకుంటున్నాను. గోడవార గడ్డిగులాబీలు ఎండ పడేదాకా ముడుచుకుని, ల్యాబులో వాళ్లు టీకి లేచే వేళకి అన్నీ ఒక్కసారి కళ్లు తెరుస్తాయి. గుండు పందిరికి జుట్టొచ్చింది, ఆ జుట్టంతా మల్లెలే. గులాబీలు బరువుకి కొమ్మలొంచేస్తే నా పాత చున్నీలు చింపి కర్రలకి కట్టాను. బడికెళ్లే పిల్లలు గోడ దగ్గర నడక తగ్గిస్తున్నారు. పోస్టు ఇచ్చే ఆవిడ ఉత్తరం లేని రోజున కూడా గేటు దాకా వస్తోంది.

నువ్వు ఫొటోలు నమ్మవు. "ఫొటోలో అందరూ బాగానే ఉంటారు" అంటావు. అందుకని ప్రతి మడి నుంచీ కోసి తడిగుడ్డలో చుట్టి, ఈ ఉత్తరంతో పాటే బుట్ట పంపిస్తున్నాను. రేపు పొద్దున బస్సులో వస్తున్న మా పెద్దసారు స్వయంగా మీ తలుపు కొడతారు. బ్రష్షు సంగతి ఆయనకి చెప్పకు.

ఇంకొక్క మాట. దింపిన ఇటుకలు దింపినట్టే ఉన్నాయి. ల్యాబులో మేం రోజంతా వంగకుండా పని చెయ్యడానికి ఎత్తు బల్లలుంటాయి. అలాగే మడుల చుట్టూ నీ నడుం ఎత్తుకి ఇటుకలతో గోడ కట్టి లోపల మట్టి నింపితే, నువ్వు నిలబడే కలుపు తియ్యొచ్చు, వంగక్కర్లేదు, జారి పడక్కర్లేదు. మేస్త్రీని అడిగాను. "చప్టా కన్నా ఇదే మేలమ్మా, ఎంత ఎత్తు?" అన్నాడు. వంటింటి గట్టు దగ్గర నువ్వు నిలబడే తీరు గుర్తు చేసుకుని నా పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. రెండు మడులు అలా కడతాడు. లిల్లీల జోలికి పోడు. నువ్వు ఒప్పుకుంటేనే. ఫోనులో "ఊ" అనకు, కాగితం మీద రాయి.

వంగి వంగి, ఈసారి నిజంగా వంగి, నమస్కారాలతో

నీ గడుగ్గాయ్

*

మే 3

గడుగ్గాయికి,

బుట్ట చేరింది. మీ పెద్దసారు గుమ్మంలో నిలబడి, "మీ మనవరాలు పంపిందండీ" అనేలోగా వాసన హాల్లోకి వచ్చేసింది. ఆయన మర్యాదస్తుడు. బ్రష్షు సంగతి ఆయనకి తెలుసు. ల్యాబులో అందరికీ తెలుసట.

పూలన్నీ భోజనాల బల్ల మీద రకం వారీగా పరిచి లెక్కపెట్టాను. మల్లెలు మూడు వందల పన్నెండు. గులాబీలు ఇరవై ఆరు, అందులో ఒకటి ప్రయాణంలో నలిగింది. జినియాలు నలభై. లిల్లీలు తొమ్మిది. లిల్లీలు లెక్కపెట్టాక కాసేపు ఇంకేమీ లెక్కపెట్టలేదు.

ఇంట్లో ఉన్న గ్లాసులు, జగ్గులు, మీ మావయ్యకి ఆటల్లో వచ్చిన కప్పు కూడా నిండిపోయాయి. ఇంకా మిగిలితే అత్తయ్య మెట్ల మీద ఎదురైనవాళ్లందరికీ పంచింది. ఇన్నాళ్లుగా తెర వేసుకుని కూర్చునే ఎదుటి భవనం ఆవిడ కిటికీ తీసి, "ఎక్కడివండీ అవి?" అని అరిచింది. "మా తోటవి" అన్నాను. ఆ మాట అనడానికి నేను కొంచెం గట్టిగానే గొంతెత్తానని అత్తయ్య అంటోంది.

మీ మావయ్య ఆఫీసు నుంచి వచ్చి బల్ల ముందు చొక్కా కూడా మార్చుకోకుండా నిలబడిపోయాడు.

"మేస్త్రీ చెప్తే నమ్మలేదమ్మా. కూలి పెంచడానికి కథలు చెప్తున్నాడనుకున్నా."

"ఇప్పుడు నమ్మావా?"

"నమ్మాను. మరి... అద్దెకొచ్చేవాళ్ల కారు?"

"అద్దెకెవరూ రావడం లేదురా. నేను వెళ్తున్నాను."

వాడు కుర్చీ లాక్కుని కూర్చుని, "చప్టాకని ఇటుకలు కొన్నాను, మా అమ్మ వాటితో పూలకి పీటలు వేయించుకుంటోంది" అన్నాడు. అని నవ్వాడు. వాడికి అయిదేళ్లప్పటి నవ్వు అది.

ఇక నీ తెలుగు. మొక్కకి నీళ్లు పోస్తారు. మడికి నీళ్లు పెడతారు. కాలవకి నీళ్లు వదులుతారు. మొక్కల మీద ఆశ పోయినవాళ్లు నీళ్లొదిలేస్తారు. ఇంత తేడా ఉన్న చోట ఒక్క మాటతో సరిపెట్టి, నడుమ గొట్టం దాచి, నన్ను ఒక పూట పస్తు పెట్టావు. తప్పు నీదే. కాగితం మీది మాటకి రెండర్థాలుండవని రాసినదాన్ని నేను కాబట్టి అందులో సగం నాకు రాసుకుంటున్నాను. సగానికి మించి ఒప్పుకోను.

ఎత్తు మడులు కట్టించు. ఇదే నా రాతపూర్వకమైన అంగీకారం. అంచు ఇటుకలు నున్నగా ఉండాలి, మోచేతులు ఆనించుకుంటాను. డాక్టరు చేతికర్ర ఇచ్చి పంపించేశాడు. శనివారం పొద్దున్న బయలుదేరుతున్నాం. నేను వచ్చేదాకా ఒక్క పువ్వు కొయ్యకు.

అమ్మమ్మ

*

మే 19

నా గడుగ్గాయికి,

ఇంటి నుంచి రాస్తున్నాను. ఈ వాక్యం ఉత్తరం మొదట్లో రాయాలని మార్చి నుంచీ అనుకుంటున్నాను.

నేను వచ్చిన వారానికే నిన్ను పళ్లు చేసే కొత్త యంత్రం నేర్చుకోవడానికి పై ఊరు పంపారు. నీ ల్యాబు వాళ్లకి నీ అవసరం ఉండటం మంచిదే. యంత్రం పళ్లు చేసినా నవ్వు నువ్వే చెయ్యి.

రోజూ పొద్దున్నే ఎత్తు మడి ముందు నిలబడి, మోచేతులు ఇటుక మీద ఆనించి, రెండు చేతులతోనూ కలుపు తీస్తున్నాను. నేలమీద కూర్చున్నప్పుడు మొక్కలని పైనుంచి చూసేదాన్ని, ఇప్పుడు ఎదురెదురుగా మాట్లాడుకున్నట్టుంది. మేస్త్రీ నిన్న ఇటుగా పోతూ ఆగి, తన గోడ తనే తట్టి చూసుకుని, "ఎన్ని చప్టాలు పోశానో లెక్కలేదమ్మా, ఒక్కటీ పూయలేదు" అన్నాడు. గులాబీలిచ్చి పంపాను. నాలుగు.

మీ మావయ్య ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చాడు. ఎముక ఎలా ఉందని అడిగి, జవాబు వినకుండా లిల్లీల దగ్గరికి వెళ్లాడు. పిన్నిగారు గోడ మీంచి, "ఏం బాబూ, ఇంకా సిమెంటు పోయిస్తావా?" అంటే, చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ, కాస్త మెల్లిగా అనండి, పూలు వింటాయి" అన్నాడు. అత్తయ్యకని మల్లెలు కోసుకుంటూ కోసుకుంటూ రెండు బస్సులు వదులుకున్నాడు.

జినియాల్లో నువ్వు పేరు పెట్టలేకపోయిన రంగు చూశాను. నాకూ పేరు తెలియదు. నిఘంటువు తీశాను. అందులోనూ లేదు. నువ్వే ఏదో ఒకటి పెట్టు, దోషం లేకుండా ఉంటే అలాగే పిలుద్దాం.

శుక్రవారం నువ్వు వచ్చేసరికి గులాబీలు రెండో విడతకి ఉంటాయి. గేటు మాత్రం గట్టిగా తొయ్యకు. సన్నజాజి తీగ దాని మీదికి పాకి, రెక్కకీ స్తంభానికీ కలిపి అల్లుకుపోయి మొగ్గ తొడిగింది. సగమే తెరుచుకుంటుంది. విప్పి పందిరికి కడతానని పిన్నిగారు వచ్చారు. వద్దన్నాను. నేను పక్కకి తిరిగి వెళ్లివస్తున్నాను. పోస్టు ఆవిడా అలాగే వస్తోంది. నువ్వూ పెట్టె ముందు లోపలికి అందించి, పక్కకి తిరిగి రా.

అమ్మమ్మ